సముద్ర తీరానికి ట్రెక్కింగ్: బావిలో నేర్చిన ఈత చాలదు



పెద్దమందడి, ఖిల్లా ఘనపురం, వనపర్తి ప్రాంతాల పిల్లలకు కొండలెక్కడం కొత్త కాదు. ఘనపురం కోట ఎక్కుతారు. సెలవులు దొరికితే నల్లమలలోని ఉమామహేశ్వరానికో, మల్లెలతీర్థానికో వెళ్లి వస్తారు. కాలేజీల్లో చదివే పిల్లలు ట్రెక్కింగ్ క్లబ్బుల్లో చేరితే సముద్రం కూడా చూడాలనుకోవడం సహజం. శుక్రవారం రాత్రి బయలుదేరి బాపట్ల దగ్గరి సూర్యలంకకో, చీరాల దగ్గరి వాడరేవుకో, విశాఖపట్నం నుండి భీమిలి వరకున్న తీరానికో వెళ్లి, రెండు రోజులు ఇసుక వెంట నడిచి సోమవారం తెల్లవారేసరికి ఇల్లు చేరవచ్చు.

నడక ఆరోగ్యానికి మంచిది, స్నేహితులతో కలిసి నడవడం మనసుకు ఇంకా మంచిది. కాబట్టి పిల్లలను వెళ్లవద్దని మేము చెప్పము. అయితే తల్లిదండ్రులను హెచ్చరించినప్పుడు మాకు తరచుగా వచ్చే జవాబు ఒకటుంది: "మా పిల్లగానికి ఈత వస్తది సిస్టరమ్మా!" ఆ ధైర్యం గురించే ఈ నెల మాట్లాడుకుందాం.

జరిగిన సంఘటనలు

2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలోకి ఫోటోల కోసం దిగిన హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువ డ్యామ్ నుండి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. 2022 జూలై 29న అనకాపల్లి జిల్లా పూడిమడక తీరంలో, పరీక్ష రాసి సరదాగా వెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థుల్లో ఆరుగురు సముద్రంలో ప్రాణాలు కోల్పోయారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో లోకమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో పిల్లలు, యువకులే ఎక్కువ.

సముద్రం బావి వంటిది కాదు

మన పిల్లలు బావిలోనో, చెరువులోనో ఈత నేర్చుకుంటారు. అక్కడ నీరు కదలదు. అలసిపోతే నాలుగు బారలు వేసి మెట్టు పట్టుకోవచ్చు. సముద్రంలో పట్టుకోవడానికి మెట్టు ఉండదు, పైగా నీరు ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది.

అలలు తెచ్చిన నీరంతా మళ్లీ లోపలికి వెళ్లాలి. ఆ నీరు ఇసుక దిబ్బల మధ్య సన్నని దారి చేసుకొని, వాగులాగా వేగంగా లోపలికి పారుతుంది. దీనినే రిప్ కరెంట్ అంటారు. మనం తిరుగు ప్రవాహం అందాము. బలంగా ఉన్నప్పుడు దాని వేగం సెకనుకు 2 మీటర్లు దాటుతుంది. ఒలింపిక్ ఈతగాళ్లు కూడా దానికి ఎదురీదలేరు.

విచిత్రమేమంటే, ప్రమాదమున్న చోటే నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. రెండు వైపులా అలలు తెల్లగా విరుగుతుంటే, నడుమ ఒక పట్టీలో మాత్రం అలలు విరగవు. నీటి రంగు ముదురుగా ఉంటుంది, లేదా ఇసుక కలిసి మురికిగా ఉంటుంది. నురుగు లోపలికి సాగిపోతుంటుంది. కొత్తవారు "ఇక్కడ అలలు లేవు, ఇక్కడే దిగుదాం" అని సరిగ్గా అక్కడే దిగుతారు. మోకాటి లోతులో ఉన్నవారు రెండడుగులు ముందుకు వేస్తే కాలికింద నేల అందదు.

చిక్కుకుంటే ఏమి చేయాలి?

తిరుగు ప్రవాహం మనిషిని అడుక్కు లాగదు, ఒడ్డుకు దూరంగా తీసుకుపోతుంది. ఒడ్డు దూరమవుతుంటే మనిషి భయపడి ఎదురీదుతాడు. అలసిపోయి మునుగుతాడు. ప్రాణం తీసేది ఆ అలసటే. కాబట్టి:

1. ఎదురీదవద్దు. వెల్లకిలా తేలుతూ ఊపిరి నిలుపుకోవాలి. ఉప్పునీటిలో తేలడం బావిలో కంటే సులువు.
2. ఒక చేయి పైకెత్తి ఊపుతూ సాయం కోసం కేక వేయాలి.
3. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు ఈదాలి. లాగడం తగ్గిన తరువాత, అలలు విరిగే చోటు నుండి ఏటవాలుగా ఒడ్డుకు రావాలి.

స్నేహితుడు మునుగుతుంటే

ఒకరి కోసం మరొకరు దూకడం వల్లనే ఇద్దరు, ముగ్గురు కలిసి పోతుంటారు. ఇది ప్రేమతో చేసే పనే, కాని దూకవద్దు. తాడు, ఖాళీ నీళ్ల క్యాను, మూత బిగించిన పెద్ద ప్లాస్టిక్ సీసా, ఏది తేలితే అది విసరాలి. ఒకరు మునిగేవారి మీదనుండి చూపు తిప్పకుండా వేలితో చూపిస్తుండాలి. మరొకరు జాలరులను, లైఫ్‌గార్డులను, పోలీసులను పిలవాలి. 112కు గాని 108కు గాని ఫోన్ చేయాలి. కోస్ట్‌గార్డు నంబరు 1554. మునిగే మనిషి సినిమాలో లాగా అరవడు, చప్పుడు లేకుండా పోతాడు. కనుక నీటిలో ఉన్న ప్రతి ఒక్కరికీ జంటగా ఒకరు ఉండాలి.

ఒడ్డుకు తెచ్చిన తరువాత

మన పల్లెల్లో నీట మునిగినవారిని బోర్లా వేసి పొట్ట నొక్కుతారు, కాళ్లు పట్టి తలక్రిందులుగా తిప్పుతారు. అలా చేయవద్దు. పొట్టలోని పదార్థం ఊపిరితిత్తుల్లోకి పోతుంది, విలువైన నిమిషాలు వృథా అవుతాయి. అతనికి లోపించినది ప్రాణవాయువు. ముందు ఇవ్వవలసినది అదే.

• స్పృహ లేకున్నా ఊపిరి బాగా ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి, గమనిస్తూ ఉండాలి.
• ఊపిరి లేకుంటే వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కు వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటితో నోటిలోకి రెండుసార్లు ఊదాలి. ఛాతీ లేవడం కనబడాలి.
• తరువాత ఛాతీ నడుమ రెండు చేతులతో 5 సెంటీమీటర్ల లోతు దిగేలా, నిమిషానికి 100 నుండి 120 వేగంతో 30 సార్లు నొక్కి, మళ్లీ రెండుసార్లు ఊదాలి. ఊపిరి వచ్చేవరకు లేక అంబులెన్సు చేరేవరకు ఆపకూడదు.
• లేచి కూర్చున్నా సరే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. లోపలికి పోయిన నీటివల్ల తరువాతి గంటల్లో దగ్గు, ఆయాసం రావచ్చు.

ఇవి చదివితే రావు, చేతులతో నేర్చుకోవాలి. క్లబ్బులో కనీసం ఇద్దరైనా శిక్షణ పొందినవారు ఉండాలి.

నడకలో జాగ్రత్తలు

మన పాలమూరు ఎండ పొడిగా ఉంటుంది, చెమట వెంటనే ఆరి ఒళ్లు చల్లబడుతుంది. తీరంలో గాలి తేమగా ఉంటుంది, చెమట ఆరదు. పైగా మెత్తటి ఇసుకలో నడకకు గట్టి నేల మీద కంటే రెట్టింపు శక్తి కావాలి. ఉదయం 10 లోపు, సాయంత్రం 4 తరువాత నడవడం మంచిది. దాహం వేయకముందే కొద్దికొద్దిగా నీరు త్రాగాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంచుకోవాలి. లేకుంటే లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 చదును టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలుపుకోవచ్చు. నడిచేవారు తికమకగా మాట్లాడినా, తూలినా అది వడదెబ్బ కావచ్చు. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ 108ని పిలవాలి.

బయలుదేరే ముందు అడగవలసినవి

తల్లిదండ్రులు పర్యవేక్షకులను నిస్సంకోచంగా ఈ ప్రశ్నలు అడగండి:

1. ఆ తీరంలో స్నానానికి అనుమతి ఉందా? లైఫ్‌గార్డులు ఏ సమయంలో ఉంటారు?
2. ఆ రెండు రోజులకు అలల హెచ్చరిక చూశారా? దీనిని ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ మన హైదరాబాదులోనే ఉంది. దూరంగా పుట్టిన పెద్ద అలలు ఎండ కాస్తున్న రోజున కూడా వస్తాయి. ఆకాశం చూసి సముద్రాన్ని నమ్మరాదు.
3. నీటి దగ్గర తల లెక్క ఎవరు చూస్తారు? గంటకు ఎన్నిసార్లు?
4. మూర్ఛ, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్న పిల్లల వివరాలు, మందులు ఎవరి దగ్గర ఉంటాయి?

పిల్లలకు ఒక మాట. సముద్రాన్ని చూడండి, తడి ఇసుక మీద నడవండి, జాలరులతో మాట్లాడండి. ఎక్కడ దిగవచ్చో, ఎక్కడ దిగరాదో వారికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. "ఇక్కడ దిగకండి బాబూ" అని వారంటే మారు మాట్లాడక వెనక్కు రండి. మీ ప్రయాణం క్షేమంగా సాగాలని, ఎంతమంది వెళ్లారో అంతమందీ ఇల్లు చేరాలని మా ప్రార్థన.