బ్రేకు మీద కాలు పడే లోపు

బిలాస్‌పూర్ రైల్వే ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లోనే శ్రీకాకుళం, విశాఖ వైపుల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు పనికోసం ఈ లైను వెంట వచ్చి స్థిరపడ్డాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇది ప్రధాన కేంద్రమయింది. బదిలీల మీద చాలా ఊళ్ళు తిరిగి వచ్చిన మేము ఇక్కడ ఒక విషయం గమనించాం. ఇక్కడి పిల్లలకు సిగ్నల్ రంగుల అర్థం అక్షరాలతోపాటే వచ్చేస్తుంది. అయితే ఎర్రదీపం కంటపడ్డాక బండి నడిపే మనిషి చెయ్యి గానీ కాలు గానీ కదలడానికి ఎంతసేపు పడుతుంది? ఆ కాస్త వ్యవధినీ ఏ పనులు పొడిగిస్తాయి? దీన్ని కొలవడానికి శాస్త్రవేత్తలు వాడే సాధనమే డ్రైవింగ్ సిమ్యులేటర్.

ఈ ప్రశ్న మన ఊరికి కొత్తది కాదు. 2025 నవంబర్ 4న గేవ్రా రోడ్ నుంచి బిలాస్‌పూర్‌కు వస్తున్న మెమూ రైలు, లాల్‌ఖదాన్ దగ్గర ముందున్న గూడ్స్ బండిని వెనకనుంచి ఢీకొంది. పదిమందికి పైగా చనిపోయారు. కారణాలు తేల్చడం విచారణాధికారుల పని, మనది కాదు. కానీ బండి నడిపే మనిషి దృష్టి ఎంత విలువైనదో, ఎంత సున్నితమైనదో తెలుసుకోవడం మాత్రం మనందరి పని.

సిమ్యులేటర్ ఆలోచన మొదట విమానాల కోసం పుట్టింది. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే యువకుడు తండ్రిగారి ఆర్గన్ వాద్యాల కర్మాగారంలో పనిచేసేవాడు. ఆ వాద్యాల్లో గాలి ఊదే తిత్తులనే వాడి, నేలమీదే అటూ ఇటూ ఒరిగే ఒక చిన్న విమానాన్ని 1929 నాటికి తయారుచేశాడు. అందులో కూర్చుని ఎగరడం నేర్చుకోవచ్చు. పొరపాటు జరిగినా ప్రాణం పోదు. తర్వాతి కాలంలో ఈ పద్ధతి కార్లకూ రైళ్ళకూ వచ్చింది. జర్మనీలో డైమ్లర్ బెంజ్ సంస్థ 1985లో బెర్లిన్‌లో కార్ల కోసం ఒక పెద్ద సిమ్యులేటర్ నెలకొల్పింది.

కారు సిమ్యులేటర్‌లో సీటు, స్టీరింగు, పెడళ్ళు నిజమైన వాటిలాగే ఉంటాయి. ఎదురుగా ఉన్న తెరల మీద రోడ్డు కదులుతుంది. వేగం ఎంత, బండి పక్కకు ఎంత జరిగింది, బ్రేకు ఏ క్షణాన పడింది అన్నవన్నీ కంప్యూటరు నమోదు చేస్తుంది. పరిశోధనకు దీని ఉపయోగం ఏమిటంటే, నిజమైన రోడ్డు మీద ఒక మనిషిని కారుకు అడ్డంగా నడిపించి డ్రైవరు ఏం చేస్తాడో చూడలేం. తెర మీద చూడవచ్చు. పైగా వందమందికీ అదే రోడ్డు, అదే పాదచారి, అదే దూరం పెట్టవచ్చు. తేడా వస్తే అది డ్రైవరుదే, రోడ్డుది కాదు.

ఐఐటీ బొంబాయిలో పుష్పా చౌదరి, నాగేంద్ర వెలగ సరిగ్గా ఇదే చేశారు. లైసెన్సు ఉన్న 100 మంది భారతీయ డ్రైవర్లను సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి, ఫోను వాడుతుండగా హఠాత్తుగా పాదచారులు రోడ్డు దాటే సన్నివేశం కల్పించారు. 2017లో ఫలితాలు ప్రచురించారు. మామూలు కబుర్లు చెబుతున్నప్పుడు స్పందించే సమయం 40 శాతం పెరిగింది. ఆలోచించి జవాబు చెప్పాల్సిన సంభాషణలో 95 శాతం, చిన్న మెసేజ్ టైపు చేస్తుంటే 137 శాతం, కాస్త కష్టమైన మెసేజ్ అయితే 204 శాతం పెరిగింది.

శాతాలు పుస్తకంలో చదివి మరిచిపోతాం. లెక్క కట్టి చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు సుమారు 17 మీటర్లు. ఫోను లేని డ్రైవరు ఒక సెకనులో బ్రేకు తొక్కుతాడనుకుందాం. ఆలోపు బండి 17 మీటర్లు వెళుతుంది. మామూలు కబుర్లలో ఉంటే 23 మీటర్లు, ఆలోచించి మాట్లాడుతుంటే 33, కష్టమైన మెసేజ్ టైపు చేస్తుంటే 50 మీటర్లు. ఇదంతా బ్రేకు పడకముందు సంగతి. బండి ఆగడానికి పట్టే దూరం ఇంకా దీనికి కలవాలి. స్కూలు గేటు ముందు 50 మీటర్లు అంటే ఎంతో మీరే అడుగులతో కొలిచి చూడండి.

ఈ లెక్కల్లో ఇంకో మాట కూడా ఉంది. ఫోను చేతిలో పట్టుకోవడం ఒక్కటే ప్రమాదమనుకుంటాం. చెవిలో పెట్టుకుని మాట్లాడితే ఫరవాలేదనుకుంటాం. కానీ మాట కాస్త కష్టమైతే చాలు, స్పందించే సమయం దాదాపు రెట్టింపయింది. అంటే అడ్డుపడేది చెయ్యి ఒక్కటే కాదు, మనసు కూడా.

సిమ్యులేటర్‌కు హద్దులు లేకపోలేదు. అక్కడ ప్రాణభయం ఉండదు కాబట్టి కొందరు తెగించి నడుపుతారు. కొందరికి తెర చూస్తుంటే తల తిరుగుతుంది. అందుకే పరిశోధకులు అక్కడి అంకెలను యథాతథంగా రోడ్డుకు అన్వయించరు. ఏది ఎక్కువ ప్రమాదం, ఏది తక్కువ అన్న తారతమ్యాన్ని చూస్తారు.

రైల్వే ఈ హద్దులన్నీ తెలిసే ఏర్పాట్లు చేసుకుంది. శిక్షణ కేంద్రాల్లో లోకో పైలట్లు సిమ్యులేటర్ల మీద పొగమంచు, పట్టాల మీదికి వచ్చే పశువులు, హఠాత్తుగా పడే ఎర్రదీపం వంటివి అభ్యాసం చేస్తారు. ఇంజినులో పైలటూ సహాయకుడూ ప్రతి సిగ్నల్‌నూ ఒకరికొకరు బిగ్గరగా చెప్పుకుంటారు. పైలటు 60 సెకన్లపాటు ఏ పనీ చేయకపోతే ఒక దీపం వెలుగుతుంది, తర్వాత శబ్దం వస్తుంది, అప్పటికీ కదలిక లేకపోతే బ్రేకులు వాటంతట అవే పడతాయి. మన జోన్ 2022 ఆగస్టు 15న కోర్బా నుంచి నడిపిన సూపర్ వాసుకి 295 వ్యాగన్లతో మూడున్నర కిలోమీటర్ల పొడవుంది. అలాంటి బండి నడిపే చోట మనిషి ఎంత మంచివాడైనా అతని ఏకాగ్రతకు హద్దు ఉంటుందని ముందే ఒప్పుకోవాలి.

రోడ్డు మీద స్కూటరు నడిపే అన్నయ్య దగ్గర, ఆటో నడిపే బాబాయి దగ్గర ఆ దీపమూ లేదు, ఆ సహాయకుడూ లేడు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఆ సంఖ్య తగ్గించడంలో లైసెన్సు వయసు రాని మీకు కూడా పని ఉంది. బండి నడిపే వాళ్ళకు వచ్చే ఫోన్లలో చాలా మటుకు ఇంటినుంచి వచ్చేవే. "ఎక్కడున్నావ్, ఎప్పుడొస్తావ్, వచ్చేటప్పుడు ఏం తెస్తావ్?" అని ప్రేమగా అడిగే ప్రశ్నలే. అవే అవతల 17 మీటర్లను 33 చేస్తాయి.

అందుకని ఇకనుంచి ఫోను చేయగానే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "బండి మీద ఉన్నారా?" అవునంటే, "ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం" అని మీరే పెట్టేయండి.