ఆఫీసు మెయిల్‌కి పెద్ద పెద్ద ఇంగ్లీష్ అక్కర్లేదు!

ఈరోజు ఆఫీసు మెయిల్స్‌లో ఇంగ్లీష్ ఎలా రాయాలో చూద్దాం. గ్రామర్ క్లాస్ కాదు, భయపడకండి.

ముందు ఒక ఉదాహరణ. మీరు ఒక కస్టమర్‌కి లోగో డిజైన్ చేసి ఇచ్చారు. 15,000 రూపాయలు రావాలి. మీరు ఇలా మెయిల్ పెట్టారు: "విత్ రిఫరెన్స్ టు ది ఎబౌవ్ సబ్జెక్ట్, ఐ వుడ్ లైక్ టు బ్రింగ్ టు యువర్ కైండ్ నోటీస్ దట్ ది పేమెంట్ ఈజ్ స్టిల్ పెండింగ్. కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్."

వినడానికి బాగానే ఉంది. కానీ ఏ పేమెంట్? ఎంత? ఎప్పటిలోగా? ఒక్కటీ లేదు. అవతలి వాళ్లు "తర్వాత చూద్దాంలే" అని పక్కన పెట్టేస్తారు. మీ డబ్బులు అక్కడే ఆగిపోతాయి.

ఇప్పుడు ఇది చూడండి: "ఐ సెంట్ యూ ద లోగో ఆన్ జూన్ 3. ప్లీజ్ పే 15,000 రుపీస్ బై ఫ్రైడే. మై బ్యాంక్ డీటెయిల్స్ ఆర్ బిలో." అంతే! మూడు చిన్న వాక్యాలు. డౌట్‌కి చోటే లేదు.

మరి మనకి ఆ పాత స్టైల్ ఎక్కడి నుంచి వచ్చింది? స్కూల్లో బట్టీ పట్టిన లీవ్ లెటర్ గుర్తుందా? "ఐ బెగ్ టు స్టేట్" అని మొదలుపెట్టి, "యువర్స్ ఒబీడియెంట్లీ" అని ముగించేవాళ్లం. ఆ అలవాటే ఆఫీసు దాకా వచ్చేసింది.

ఇది మన ఒక్కళ్ల సమస్య కాదండీ. ఇంగ్లీష్ పుట్టిన బ్రిటన్‌లోనే జనానికి గవర్నమెంట్ ఫారాలు అర్థమయ్యేవి కావు. 1979లో క్రిసీ మేహర్ అనే ఆవిడ లండన్ పార్లమెంట్ స్క్వేర్‌లో ఆ ఫారాలను ముక్కలు ముక్కలు చేసి నిరసన తెలిపారు. ప్లెయిన్ ఇంగ్లీష్ క్యాంపెయిన్ అలా మొదలైంది. అమెరికాలో అయితే 2010లో ఏకంగా ప్లెయిన్ రైటింగ్ యాక్ట్ అని చట్టమే చేశారు. వారెన్ బఫెట్ తన కంపెనీ రిపోర్ట్ రాసేటప్పుడు, తన అక్కాచెల్లెళ్లతో మాట్లాడుతున్నట్టు ఊహించుకుంటానని చెప్పారు.

సరే, మనం ఏం చేయాలి?

ఒకటి, మీకు ఏం కావాలో మొదటి రెండు లైన్లలోనే చెప్పేయండి. ఫోన్ నోటిఫికేషన్‌లో కనిపించేది అంతవరకే.

రెండు, చిన్న మాట వాడండి. యుటిలైజ్ బదులు యూజ్, కమెన్స్ బదులు స్టార్ట్, ప్రయర్ టు బదులు బిఫోర్.

మూడు, ఎవరు చేస్తారో రాయండి. "ది రిపోర్ట్ విల్ బి సెంట్" అంటే ఎవరు పంపుతారు? "రవి విల్ సెండ్ ద రిపోర్ట్ టుమారో" అనండి.

నాలుగు, ఫారిన్ క్లయింట్‌కి "ప్లీజ్ రివర్ట్" అనకండి. మన దగ్గర దానర్థం రిప్లై ఇవ్వమని. అక్కడ చాలామందికి అది "పాత స్థితికి మార్చండి" అని అర్థమవుతుంది.

ఐదు, వాక్యం సగటున 15 నుంచి 20 పదాలు దాటకుండా చూసుకోండి.

సింపుల్‌గా రాస్తే మర్యాద తగ్గుతుందేమో అనుకోకండి. ఒక్క ప్లీజ్, ఒక్క థాంక్స్ చాలు. అలాగని చాటింగ్‌లో లాగా స్పెల్లింగులు కట్ చేసి రాయడం కూడా ప్లెయిన్ ఇంగ్లీష్ కాదు.

ఈసారి మెయిల్ సెండ్ కొట్టే ముందు ఒక్కసారి పైకి చదవండి. ఎదుటి మనిషితో అలా మాట్లాడరు అనిపిస్తే, ఆ లైన్ మార్చేయండి. ఉంటాను ఫ్రెండ్స్, మళ్లీ కలుద్దాం!