బాగుచేయించిన ఇంజను ఏల అదరును?

విద్యుత్తు మోటారులు పల్లెలకు వచ్చినను, కాలువగట్లమీదను తీగెలు చేరని చేలలోను పాత ఆయిలు ఇంజనులు నేటికిని నీరు తోడుచున్నవి. అట్టి ఇంజనునకు సిలిండరు బోరు చేయించి, క్రొత్త పిస్టను, రింగులు, బేరింగులు వేయించి తెచ్చిన దినముననే అది మునుపటికంటె ఎక్కువగా అదరుట కొందరు సభ్యుల అనుభవము. వెంటనే మేస్త్రిని నిందించి, ఇంజనును మరల విప్పించుట వాడుకయైనది. కారణము తెలియకుండ విప్పించినచో రెండవమారు కూలి తప్పదు. తడి అందక పైరు చెడును.

ఒంటి సిలిండరు ఇంజను కొంత అదరుట సహజము. నాలుగు స్ట్రోకుల ఇంజను నిముసమునకు 650 చుట్లు తిరిగినను, అందు చమురు మండునది 325 మారులే. మీదికిని క్రిందికిని ఆడు పిస్టను బరువును ఎదురుబరువు పూర్తిగా సరిపుచ్చజాలదు. కావున మునుపటికంటె పెరిగిన అదురే లోపమునకు గుర్తు.

మొదట ఇంజనును ఆపి, బెల్టు తీసి, ఒంటిగా నడుపుడు. అదురు పోయినచో తప్పు పంపులోనో, పుల్లీల వరుసలోనో, బెల్టు అతుకులోనో ఉండును.

పోనిచో, ఇంజను వడిగా తిరుగుచుండగా చమురు ఆపుడు. ఆ క్షణముననే అదురు అణగినచో దోషము మంటలోనిది; ఇంజెక్టరును, చమురు పడు వేళను పరీక్షింపవలెను. ఇంజెక్టరునుండి వెడలు చమురునకు చేయి అడ్డము పెట్టరాదు. ఆ ధార చర్మమును చీల్చుకొని లోపలికి పోవును.

చమురు ఆగినను చక్రము తిరుగునంతసేపు అదురుచున్నచో, దోషము బరువులలోనో పునాదిలోనో కలదు. పాత పిస్టనును క్రొత్తదానితో త్రాసులో తూచుడు. ఫ్లైవీలునందు ఎదురుబరువు ఉన్నచో అది క్రాంకుపిన్నునకు ఎదుటిప్రక్క ఉన్నదా చూడుడు. ఫ్లైవీలు చీల వదులైనచో ఇంజనును తక్షణమే ఆపవలెను. ఊడిన చక్రము ప్రాణము తీయును.

ఒక గ్రామమున మేము చూచిన ఇంజను ఇట్లే అదరుచుండెను. మిరపతోట వాడుచుండెను, రైతు ఇంజనును మరల పట్టణమునకు పంపుటకు బండి కట్టించెను. మేమును మొదట పిస్టనునే అనుమానించితిమి. తూచిచూడగా బరువులో భేదము కానరాలేదు. పునాది నట్లు నాలుగును బిగిసియే యుండెను. ఇంజను ఆపి, ఒక్కొక్క నట్టును వదులుచేసి చూచితిమి. ఒక మూల నట్టు వదలగానే అచ్చటి కాలు పైకి లేచెను. ప్రక్కకాలిక్రింద పాత సిమెంటు పెళ్ల యొకటి చిక్కుకొనియుండుటచే నాలుగు కాళ్లును సమముగా కూర్చుండలేదు. నట్లు బిగించినకొలది అడుగుదిమ్మ మెలిపడుచుండెను. పెళ్లను గీకివేసి, కాళ్లను సమముగా కూర్చుండబెట్టి బిగించితిమి. ఆ సాయంకాలమే తోటకు నీరు పారెను. మేస్త్రి పనిలో తప్పేమియు లేదు.

రైతు సోదరులారా! ఇంజను విప్పించుటకు ముందే ఫ్లైవీలునకును ఇరుసునకును గుర్తులు పెట్టించుడు. తీసిన పిస్టనును పారవేయక ఇంటికి తెచ్చుకొనుడు. అదురు పుట్టినప్పుడు వెలుపలినుండి లోపలికి వెదకుడు. నట్టు వదులుచేసి చూచుటకు ఖర్చు లేదు. సిలిండరు విప్పించుటకు కలదు.