గోధుమరంగు చుక్కల్లో కెరియర్‌!

బీఎస్సీ లైఫ్‌సైన్సెస్‌ చదివారా? ఎంఎల్‌టీ పూర్తిచేశారా? ‘ఇక కోడింగ్‌ నేర్చుకో, లేదంటే బీఈడీ చెయ్‌’ అనే సలహాలు వినీ వినీ విసిగిపోయారా? ఒక్కసారి మైక్రోస్కోప్‌ వైపూ చూడండి. ఎంతోమంది మహిళల నొప్పికి జవాబు వెతికే పని అక్కడ మీకోసం ఎదురుచూస్తోంది.

మీ హాస్టల్లోనో, క్లాసులోనో నెలసరి రోజుల్లో నొప్పితో లేవలేకపోయే అమ్మాయి ఉండే ఉంటుంది. ‘ఆడపిల్లలకు ఇది మామూలేనమ్మా’ అంటారు పెద్దవాళ్లు. అన్నిసార్లూ మామూలు కాదు. గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం బయట, అంటే అండాశయాల మీదో, పొత్తికడుపు పొరల మీదో పెరిగితే అది ఎండోమెట్రియోసిస్‌. అదే కణజాలం గర్భాశయ కండరంలోకి చొచ్చుకుపోతే ఎడినోమయోసిస్‌. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఎండోమెట్రియోసిస్‌తో బాధపడేవారు దాదాపు 19 కోట్ల మంది. జబ్బు ఇదీ అని తేలడానికే చాలామందికి ఏళ్లు పడుతోంది.

కాపలా ఎందుకు తప్పింది?

నెలసరి రక్తం కొంత ట్యూబుల గుండా వెనక్కి, పొత్తికడుపులోకి వెళ్తుంది. ఎండోమెట్రియోసిస్‌కు ఇదే మూలమని అమెరికన్‌ వైద్యుడు జాన్‌ శాంప్సన్‌ 1920ల్లో ప్రతిపాదించారు. అయితే ఈ వెనకప్రవాహం చాలామంది మహిళల్లో ఉంటుంది. జబ్బు మాత్రం సుమారు పది మందిలో ఒకరికే. మరి ఆ ఒక్కరిలో, దారితప్పి వచ్చిన కణాలను ఊడ్చేయాల్సిన రోగనిరోధక కణాలు ఏం చేస్తున్నట్టు? పరిశోధకులను వెంటాడుతున్న ప్రశ్నల్లో ఇదొకటి.

జవాబు కోసం వాడే పద్ధతుల్లో ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ ముఖ్యమైంది. ల్యాబుల్లో ఐహెచ్‌సీ అంటారు. ఆపరేషన్‌లో తీసిన ముక్కను ఫార్మాలిన్‌లో ఉంచి, మైనంలో బిగించి, 3-5 మైక్రాన్ల మందంలో కోస్తారు. దానిమీద ఒక ప్రొటీన్‌ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీ వేస్తారు. ఆ ప్రొటీన్‌ ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది. సీడీ68 మాక్రోఫేజ్‌లను, సీడీ56 నేచురల్‌ కిల్లర్‌ కణాలను, ఫాక్స్‌పీ3 రెగ్యులేటరీ టీ కణాలను చూపిస్తాయి. ఇక్కడ మాక్రోఫేజ్‌ల కథ ఆసక్తికరం. శుభ్రం చేయాల్సిన ఇవే, కొత్త రక్తనాళాలు, నరాలు పెరగడానికి సాయపడుతున్నాయని ప్రయోగాలు సూచిస్తున్నాయి. కాపలావాడే దొంగకు తలుపు తీసినట్టన్నమాట!

లెక్క తప్పితే?

చుక్కలు లెక్కపెట్టడమే కదా, ఏముంది అనుకోకండి. సీడీ56 నరాలకు కూడా రంగు అంటిస్తుంది. ఎండోమెట్రియోసిస్‌ కణజాలంలో నరాలు ఉంటాయి. అది గమనించకుండా లెక్కేస్తే నరాన్ని కిల్లర్‌ కణంగా రాసేస్తారు. ఇంకో చిక్కు. గర్భాశయం లోపలి పొరలో ఈ కిల్లర్‌ కణాలు నెలసరికి ముందు రోజుల్లో బాగా పెరుగుతాయి. ముక్క తీసింది ఎన్నో రోజున, ఆమె హార్మోన్‌ మందులు వాడుతోందా లేదా అన్నది రాసిపెట్టకపోతే రెండు స్లైడ్లను పోల్చడమే తప్పు. ఈ అంశంపై అధ్యయనాల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి ఇలాంటివీ కారణమే. అందుకే ఈ మార్కర్లు ఇంకా ఖాయమైన పరీక్షగా మారలేదు. జాగ్రత్తగా పనిచేసేవాళ్లకు ఇక్కడ విలువ ఎక్కువ.

ఎలా అడుగు పెట్టాలి?

డీఎంఎల్‌టీ, బీఎస్సీ ఎంఎల్‌టీ చేసినవాళ్లు ఆస్పత్రుల హిస్టోపాథాలజీ విభాగాల్లో టెక్నీషియన్లుగా మొదలుపెట్టొచ్చు. బీఎస్సీవాళ్లు ఐఐటీ జామ్‌, గ్యాట్‌-బి రాసి మంచి సంస్థల్లో ఎమ్మెస్సీలో చేరొచ్చు. పరిశోధనే లక్ష్యమైతే సీఎస్‌ఐఆర్‌ నెట్‌, ఐసీఎంఆర్‌ జేఆర్‌ఎఫ్‌, డీబీటీ జేఆర్‌ఎఫ్‌ దారులున్నాయి. 2023 నుంచి జేఆర్‌ఎఫ్‌ ఫెలోషిప్‌ నెలకు రూ.37,000. మహిళల పునరుత్పత్తి ఆరోగ్యంపై పరిశోధించే ఐసీఎంఆర్‌ సంస్థ ముంబయిలో ఉంది. హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, సెంట్రల్‌ యూనివర్సిటీ ల్యాబుల ప్రాజెక్టు ప్రకటనలనూ గమనిస్తూ ఉండండి.

ఒక మాట ముందే తెలుసుకోండి. ఇది నెమ్మదిగా సాగే దారి. మొదట్లో జీతం మీ సాఫ్ట్‌వేర్‌ స్నేహితులంత ఉండకపోవచ్చు.

ఇప్పటి నుంచే ఇవి..

* మైక్రోటోమ్‌తో కోత, రంగులద్దడం: కాలేజీ ప్రాక్టికల్స్‌లో మొక్కుబడిగా కానివ్వకండి.

* క్యూపాథ్‌, ఇమేజ్‌జే: స్లైడ్‌ చిత్రాల్లో కణాలను లెక్కించే ఉచిత సాఫ్ట్‌వేర్లు. ల్యాప్‌టాప్‌లో ఈరోజే వేసుకోండి.

* హ్యూమన్‌ ప్రొటీన్‌ అట్లాస్‌: ఐహెచ్‌సీ చిత్రాలు ఉచితంగా చూడొచ్చు. రోజుకు పది చూస్తే కన్ను అలవాటుపడుతుంది.

* గణాంకాలు: ‘ఆర్‌’ కాస్తయినా నేర్చుకోండి.

ఇంటర్వ్యూలో ‘మీ స్లైడ్‌లో రంగు నిజమైనదేనని ఎలా నమ్మాలి?’ అని అడగొచ్చు. బట్టీ జవాబు చెల్లదు. ఆ ప్రొటీన్‌ తప్పక ఉండే టాన్సిల్‌ లాంటి కణజాలాన్ని పాజిటివ్‌ కంట్రోల్‌గా పెడతామని, అసలు యాంటీబాడీ వేయని స్లైడ్‌ను నెగెటివ్‌ కంట్రోల్‌గా ఉంచుతామని చెప్పండి. ఎందుకో కూడా వివరించండి.

చివరగా ఒకటి. మీ చేతిలోని ఆ గాజుపలక వెనక, ‘నీదంతా నాటకం’ అనిపించుకున్న ఓ మహిళ ఉండొచ్చు. చుక్కలు లెక్కపెట్టేటప్పుడు ఆమెను మరవకండి.