మళ్లీ సైకిల్ ఎక్కే పెద్దలకు: సగటు వేగం లెక్క ఎలా చూసుకోవాలి?

ఆరణి చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలలో అరవై దాటిన పెద్దలు కొందరు మళ్లీ సైకిల్ బయటికి తీస్తున్నారు. షుగరుకు మంచిదని డాక్టరు చెప్పగా మొదలుపెట్టినవారు కొందరు, మోకాళ్ల నొప్పితో ఎక్కువ దూరం నడవలేనివారు ఇంకొందరు. మా సంఘం సభ్యులం ఆరేడుగురం కూడా ఉదయం పూట కలిసి తొక్కుతున్నాం.

మా తరానికి సైకిల్ కొత్తది కాదు. 1949లో మొదలైన టి.ఐ. సైకిల్స్ వారి అంబత్తూరు ఫ్యాక్టరీ మనకు దగ్గరే. వారి హెర్క్యులిస్ బండి ఇంట్లో ఉండడమే ఒకప్పుడు గొప్ప. అది లేనివాళ్లం గంట అద్దెకు తెచ్చుకుని, సీటు అందక ఫ్రేములోంచి కాలు దూర్చి, తమిళంలో 'కురంగు పెడల్' అంటారే, ఆ విధంగా నేర్చుకున్నాం. ఇప్పుడు చిక్కంతా అక్కడే. కాళ్లు సైకిల్‌ను మరవలేదు గానీ, గుండె, ఊపిరితిత్తులు ముప్పై నలభై ఏళ్లు ఆఫీసు కుర్చీలోనే ఉండిపోయాయి.

గత వేసవిలో మా సభ్యుడు ఒకరికి ఆయన మనవడు ఫోనులో వేగం చూపే యాప్ పెట్టి ఇచ్చాడు. "తాతా, నీ సగటు పదకొండేనా? నాది ఇరవై" అన్నాడు. ఆ మాట పెద్దాయన మనసులో నాటుకుంది. మర్నాడు ఎండ ఎక్కాక ఒంటరిగా బయలుదేరి, పుదువాయల్ దారిలో శక్తికి మించి తొక్కి, కళ్లు తిరిగి చెట్టు కింద కూర్చుండిపోయారు. ఆసుపత్రిలో చూసి ప్రమాదమేమీ లేదన్నారు. అయినా ఆ రోజు మేమంతా భయపడ్డాం. అందుకే ఈ లెక్కను పాఠకులకు విడమరిచి చెప్పాలనుకున్నాం.

సగటు అంటే ఏమిటి?

వెళ్లిన దూరాన్ని పట్టిన కాలంతో భాగిస్తే వచ్చేది సగటు వేగం. చిన్న లెక్కే అయినా చాలామంది రెండు చోట్ల తప్పుతారు.

మొదటిది, ఆగిన సమయం. 15 కిలోమీటర్లు తొక్కడానికి గంటా పావు పట్టి, మధ్యలో టీ కోసం పావుగంట ఆగామనుకుందాం. తొక్కిన కాలం మాత్రమే లెక్కిస్తే గంటకు 12 కిలోమీటర్లు. మొత్తం కాలం లెక్కిస్తే 10. రెండూ నిజమే. చాలా యాప్‌లు ఆగిన సమయాన్ని వాటంతట అవే తీసివేసే వీలుంది. కాబట్టి ఎవరి అంకె విన్నా అది ఏ లెక్కో ముందు అడగాలి.

రెండవది, రానూ పోనూ లెక్క. పోయేటప్పుడు 10 కిలోమీటర్లు గంటకు 10 వేగంతో, వచ్చేటప్పుడు అదే దూరం గంటకు 20 వేగంతో తొక్కితే సగటు 15 అనిపిస్తుంది. అది తప్పు. పోవడానికి గంట, రావడానికి అరగంట, మొత్తం గంటన్నరలో 20 కిలోమీటర్లు. అంటే సగటు 13.3 మాత్రమే. నెమ్మదిగా పోయిన భాగానికే ఎక్కువ కాలం పడుతుంది కనుక అదే సగటును కిందికి లాగుతుంది.

గాలి సంగతి మరవకూడదు

మన ఊరు సముద్రానికి మరీ దూరం కాదు. వేసవి మధ్యాహ్నం దాటాక తూర్పు నుంచి సముద్రపు గాలి వీస్తుంది. అప్పుడు పుదువాయల్ వైపు పోతే ఎదురుగాలి, తిరిగి వస్తే వెనుక గాలి. జూన్, జూలై ఉదయాలలో తరచుగా పడమటి గాలి ఉంటుంది కనుక వ్యవహారం తారుమారు అవుతుంది. మనిషి అతడే, బండి అదే, దారి అదే, అంకె మాత్రం వేరు.

వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు ఎంత పెరుగుతుందో కూడా తెలుసుకోవాలి. వేగం రెండింతలైతే గాలిని చీల్చడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లు. గంటకు 15 నుంచి 18కి పెంచితే మూడు కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ గాలిని నెట్టడానికి దాదాపు ముప్పాతిక వంతు శక్తి అదనంగా కావాలి. చెట్టు కింద కూర్చుండిపోయిన పెద్దాయనను దెబ్బతీసింది ఈ లెక్కే. దీనికి తోడు టైర్లలో గాలి తక్కువైనా, చైనుకు నూనె లేకపోయినా వేగం పడిపోతుంది. ఆ తప్పు మన ఒంటిది కాదు.

శక్తికి కొలత ఊపిరి, నాడి

తొక్కుతూ పక్కవారితో నిండు వాక్యం మాట్లాడగలిగితే అది మితమైన శ్రమ. రెండు మూడు మాటలకే రొప్పు వస్తే ఎక్కువైనట్లు. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

రెండవది నాడి. దిగిన వెంటనే మణికట్టు పట్టుకుని 15 సెకన్లు లెక్కించి నాలుగుతో గుణించాలి. 220 నుంచి వయసు తీసివేస్తే గుండె వేగానికి సుమారు గరిష్ఠం వస్తుంది. 65 ఏళ్లవారికి అది 155. మితమైన శ్రమ అంటే అందులో సగం నుంచి 70 శాతం దాకా, అంటే 78 నుంచి 108 వరకు. మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది కనుక ఇది ఉజ్జాయింపు లెక్కే.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. బి.పి.కి, గుండెకు అటెనోలాల్, మెటోప్రోలాల్ వంటి మాత్రలు వేసుకునేవారికి నాడి వేగం అణగి ఉంటుంది. వారు నాడి అంకెను నమ్మకూడదు, ఊపిరినే నమ్మాలి. ఇన్సులిన్, కొన్ని రకాల షుగరు మాత్రలు వాడేవారికి తొక్కేటప్పుడు షుగరు పడిపోవచ్చు. జేబులో చక్కెర బిళ్లలు ఉంచుకోవాలి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట, కళ్లు తిరగడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే దిగి కూర్చుని 108కి ఫోన్ చేయాలి. చాలా ఏళ్ల తరువాత సైకిల్ ఎక్కేవారు ముందుగా డాక్టరును ఒకసారి కలవడం మంచిది.

నిదానంగా తొక్కినా ఫలితం ఉంటుంది

ఫ్రాన్సులో రోబెర్ మార్షాన్ అనే ఆయన యువకుడిగా సైకిల్ మానేసి, అరవై ఏడెనిమిదేళ్ల వయసులో మళ్లీ ఎక్కారు. 2012లో, నూరేళ్ల వయసులో, ఒక గంటలో 24.25 కిలోమీటర్లు తొక్కారు. 2014లో అదే గంటలో 26.927 కిలోమీటర్లు తొక్కారు. ఆ రెండేళ్లలో ఆయన ఒంటికి ఆక్సిజన్‌ను వాడుకునే శక్తి 13 శాతం పెరిగిందని పరీక్షించిన శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆయన సాధనలో ఐదింట నాలుగు వంతులు తేలిక శ్రమే. ఒక వంతు మాత్రమే గట్టిగా తొక్కేవారు.

దూరప్రయాణ సైకిలిస్టులు చేసే 200 కిలోమీటర్ల 'బ్రెవే' ప్రయాణానికి గడువు పదమూడున్నర గంటలు. తిండికి, విశ్రాంతికి ఆగిన కాలం కూడా అందులో కలిసే ఉంటుంది. లెక్క వేస్తే గంటకు 15 కంటే కాస్త తక్కువే. కాబట్టి బరువైన పాత బండి మీద పదకొండు, పన్నెండు వేగంతో పోయే పెద్దవారు సిగ్గుపడవలసిన పని లేదు.

ఒక నోటుబుక్కు పెట్టండి

గుమాస్తాగా పద్దులు రాసిన అలవాటు మమ్మల్ని వదలలేదు. మా సభ్యులందరి చేతా ఒక నోటుబుక్కు పెట్టించాం. నెలకు రెండుసార్లు అదే దారి, అదే బండి, తెల్లవారి అదే వేళ. తేదీ, దూరం, తొక్కిన కాలం, మొత్తం కాలం, గాలి ఎటు నుంచి వీచింది, మాట్లాడగలిగామా లేదా, దిగగానే నాడి ఎంత అని రాస్తాం. మిగతా రోజుల్లో అంకెలు చూడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల మితమైన శ్రమ. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు తొక్కితే అది పూర్తవుతుంది.

వేగం పెరిగితేనే మెరుగుపడినట్లు కాదు. అదే వేగానికి నాడి తక్కువ కొట్టుకున్నా, మునుపు రొప్పిన చోట ఇప్పుడు మాట్లాడగలిగినా, మరునాడు కాళ్లు బరువెక్కకపోయినా శక్తి పెరిగినట్లే. పోల్చుకోవలసింది మనవడితో కాదు, పోయిన నెలలోని మనతోనే.

ఆ పెద్దాయన మళ్లీ మాతో వస్తున్నారు. ఆయన సగటు ఇప్పటికీ పన్నెండు దాటలేదు. కానీ ఆ పన్నెండులోనే దారి పొడుగునా కబుర్లు చెబుతున్నారు. మొన్న "అన్నా, ఒకనాడు ఊత్తుకోట మీదుగా సురుటుపల్లి గుడికి సైకిల్ మీదే పోదామా?" అని అడిగారు. "ముందు పెరియపాళయం దాకా పోయి, అమ్మవారిని చూసి వద్దాం. మర్నాడు ఒళ్లు ఏమంటుందో విని ఆ సంగతి తేలుద్దాం" అన్నాం. ఆయన నవ్వి సరేనన్నారు. తరువాత చూస్తే నోటుబుక్కులో వచ్చే ఆదివారం పేజీకి ఎదురుగా పెరియపాళయం అని ముందే రాసి పెట్టుకున్నారు.