దేహంలో కొవ్వు ఎంత? చవకగా కొలిచే మార్గాలు

ఒకప్పుడు మన రైల్వే స్టేషన్లలో రంగుదీపాలు వెలుగుతూ చక్రం తిరిగే బరువు యంత్రాలు ఉండేవి. నాణెం వేస్తే చిన్న అట్టముక్క రాలేది. దానిమీద ఒకవైపు బరువు, రెండవవైపు జాతకం. జాతకాన్ని నవ్వుతూ చదివి, బరువును మాత్రం నమ్మి జేబులో వేసుకొనేవారము. బరువు నిజమే. కాని ఆ బరువులో ఎముక ఎంత, కండ ఎంత, నీరు ఎంత, కొవ్వు ఎంత అన్నది ఆ అట్టముక్క చెప్పలేదు. బరువు మాత్రమే చూపే కాటా నేటికీ చెప్పదు.

చెప్పకపోతే నష్టమేమి అని అడుగవచ్చును. 1942లో అమెరికా నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెంకే, ఆయన సహచరులు తమ దేశపు ఫుట్‌బాల్ ఆటను వృత్తిగా ఆడే 25 మందిని పరీక్షించారు. నాటి ఎత్తు-బరువుల పట్టిక ప్రకారం వారిలో 17 మంది సైనికసేవకు పనికిరానంత బరువుగలవారు. కాని నీటిలో ముంచి తూచి చూడగా, ఆ అధికభారం చాలావరకు కండయే గాని కొవ్వు కాదని తేలినది. బరువు ఎంత అని అడిగితే పట్టిక బరువు సంగతే చెప్పినది. అడగవలసిన ప్రశ్న వేరు.

మన సంగతి దీనికి సరిగా తలక్రిందులు. బరువును కిలోగ్రాములలో తీసుకొని, మీటర్లలోని ఎత్తును ఎత్తుతోనే హెచ్చించి, దానితో భాగిస్తే వచ్చే అంకెను బి.ఎం.ఐ. అంటున్నారు. పందొమ్మిదవ శతాబ్దంలో బెల్జియం గణితవేత్త కెత్‌లే చూపిన లెక్క ఇది. ఆ పేరు మాత్రం 1972లో ఆన్సెల్ కీస్ పెట్టినది. 2004లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో ఇద్దరు వైద్యుల ఛాయాచిత్రం వెలువడినది. ఒకరు పుణె నగరానికి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు ఇంగ్లండుకు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బి.ఎం.ఐ. ఒకటే: 22.3. చూపులకు ఇద్దరూ సన్ననివారే. కాని ఎక్స్‌రే యంత్రంతో కొలిచినప్పుడు ఆంగ్లేయుని దేహంలో కొవ్వు నూటికి 9.1 పాళ్ళు, మన యాజ్ఞిక్ గారి దేహంలో 21.2 పాళ్ళు ఉన్నది.

ఇద్దరిని చూచి రెండు జాతులను నిర్ణయించరాదు గదా అని శ్రోతలు అనవచ్చును. న్యాయమైన మాటయే. అయితే అంతకు ముందు సంవత్సరమే, 2003లో, పుణె సమీప గ్రామాలలో పుట్టిన శిశువులను ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చిన ఫలితాలు ప్రకటించారు. మన శిశువుల సగటు బరువు 2.7 కిలోగ్రాములు, వారిది 3.5. మన పిల్లలలో కండ, పొట్టలోని అవయవాల పరిమాణం బాగా తక్కువ. వీపుమీద చర్మం క్రింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. దీనిని కనిపెట్టినది లక్షల ఖరీదుగల యంత్రం కాదు. చర్మపు మడతను పట్టి కొలిచే, పటకారు వంటి చిన్న సాధనం. తక్కువ ఖర్చు కొలతలను తేలికగా చూడరాదని చెప్పుటకే ఇంత దూరం వచ్చినాము. "సన్నగా రివటలా ఉన్నాడు, వానికేమి రోగం!" అని మన ఇండ్లలో అనుకొనే మనిషికే నలభై దాటకుండా మధుమేహం వచ్చుట మనం చూస్తూనే ఉన్నాము. కాలుచేతులు సన్నం, పొట్ట ముందుకు. కాటా మీద మాత్రం అంతా సవ్యమే.

ఇక కొలిచే విధానం. ఇక్కడ ఒక సత్యాన్ని మొదటనే గ్రహించవలెను. బ్రతికి ఉన్న మనిషి కొవ్వును తీసి తూచుట ఎవరివల్లా కాదు. అందరూ మరొకదానిని కొలిచి, కొవ్వును ఊహిస్తారు. కొవ్వు నీటికంటె తేలిక. ఘన సెంటీమీటరుకు సుమారు 0.9 గ్రాములు. తక్కిన దేహం నీటికంటె బరువు, సుమారు 1.1 గ్రాములు. కనుక ఆర్కిమెడిస్ చూపిన దారిలో మనిషిని నీటిలో పూర్తిగా ముంచి తూచితే దేహసాంద్రత తెలుస్తుంది. దానినుండి కొవ్వుపాలు రాబట్టుటకు విలియం సిరి ఇచ్చిన సూత్రం నేటికీ వాడుకలో ఉన్నది: 495ను సాంద్రతతో భాగించి, వచ్చినదానిలోనుండి 450 తీసివేయవలెను. సాంద్రత 1.05 అయితే కొవ్వు నూటికి 21.4 పాళ్ళు. లెక్క సులువే. కాని ఊపిరంతా విడిచినా ఊపిరితిత్తులలో మిగిలే గాలిని వేరుగా కొలవవలెను. మనిషి నీటి అడుగున కదలక కూర్చుండవలెను. మన ఊరి బావిలో దిగి తేలుటనుబట్టి, మునుగుటనుబట్టి కొవ్వును నిర్ణయింప జూచేవారికి ఆ గాలియే అడ్డు. ఎక్స్‌రే పద్ధతి ఇంతకంటె సుఖమైనది, మరింత వివరమైనది. అయితే అది పెద్ద ఆసుపత్రులలోనే దొరుకుతుంది, ఖర్చూ ఎక్కువ.

చవక పద్ధతులన్నీ ఈ ఖరీదైన పద్ధతులకు శిష్యులే. కొందరు మనుషులను ఖరీదైన పద్ధతిలో కొలిచి, వారి నడుమునో చర్మాన్నో కూడ కొలిచి, ఈ రెంటికీ సంబంధం కట్టి ఒక సూత్రం వ్రాస్తారు. మనం మన నడుమును కొలిచి ఆ సూత్రంలో వేసుకొంటాము. అనగా మన దేహం ఆ కొందరి దేహం వంటిదేనని ఒప్పుకొంటున్నామన్న మాట.

ఈ సూత్రాలలో బాగా ప్రచారం పొందినది టేపు పద్ధతి. 1984లో అమెరికా నౌకాదళ పరిశోధకులు హాడ్జ్‌డన్, బెకెట్ దీనిని రూపొందించారు. పురుషులకు బొడ్డు వద్ద నడుము, మెడ, ఎత్తు. ఈ మూడు కొలతలు చాలును. స్త్రీలకు నడుములో సన్నని చోటు, పిరుదులు, మెడ, ఎత్తు కావలెను. ఈ కొలతల సంవర్గమానాలతో సాంద్రతను లెక్కగట్టి, పైన చెప్పిన సిరి సూత్రంలో వేస్తారు. ఈ కాలంలో లెక్క చేతితో చేయనక్కరలేదు; చేతిలోని ఫోనే చేసిపెడుతుంది. 168 సెంటీమీటర్ల ఎత్తు, 38 మెడ, 90 నడుము గల పురుషునికి సుమారు 22 పాళ్ళు వస్తుంది.

ఇందులో టేపు పట్టిన చేయి పాత్ర ఎంతటిదో మా కార్యాలయంలో పరీక్షించి చూచినాము. ఒకే మిత్రుని నడుమును ఒకే టేపుతో ముగ్గురము వేర్వేరుగా కొలిస్తే 90, 92, 89 వచ్చినవి. మిత్రుడు మూడవసారి ఊపిరి బిగపట్టినాడని మా అనుమానం! నడుము 90కి బదులు 92 అనుకొంటే, పైలెక్కలో కొవ్వు 22 నుండి 23కు పైబడుతుంది. మనిషి మారలేదు, కొవ్వు మారలేదు. టేపు రెండు సెంటీమీటర్లు మారినది, అంతే. కాబట్టి ఉదయం పరగడుపున, మామూలుగా ఊపిరి విడిచిన చివర, టేపు నేలకు సమాంతరంగా ఉండేటట్లు, చర్మానికి తగిలీ తగలకుండా పట్టవలెను. మూడుసార్లు కొలిచి మధ్యదానిని తీసుకొనుట మంచిది. లంగా నాడా, పంచెముడి, మొలత్రాడు ఉన్నచోట గాడిపడి ఉంటుంది. టేపు ఆ గాడిలోకి జారితే కొలత తక్కువ చూపుతుంది. బట్టలు కుట్టేవారి మెత్తని టేపు మంచిదే గాని, ఏండ్ల తరబడి వాడి సాగిపోయినదైతే ఇనుపబద్దతో సరిచూచుకొనవలెను.

రెండవది చర్మపు మడత పద్ధతి. దేహంలోని కొవ్వులో పెద్దభాగం చర్మం క్రిందనే ఉంటుంది. దండచేతి వెనుక, ముందు, రెక్క ఎముక క్రింద, తుంటి ఎముకకు పైన, ఈ నాలుగుచోట్ల చర్మాన్ని కొవ్వుతోసహా వ్రేళ్ళతో ఎత్తి, కాలిపర్‌తో మందం కొలుస్తారు. 1974లో గ్లాస్గో నగరంలో డర్నిన్, వోమర్‌స్లీ 16 నుండి 72 ఏండ్ల వయస్సుగల 481 మంది స్త్రీపురుషులను పరీక్షించి ఇందుకు పట్టికలు తయారుచేశారు. వయస్సునుబట్టి పట్టికలు వేరు, ఏలయన మడత మందం ఒకటే అయినా, వయస్సు మళ్ళినవారిలో లోపలి కొవ్వు ఎక్కువ. ప్లాస్టిక్ కాలిపర్ కొన్ని వందల రూపాయలకు వస్తుంది. పరిశోధకులు వాడేవి మడతపై చదరపు మిల్లీమీటరుకు 10 గ్రాముల ఒత్తిడి ఎల్లప్పుడూ ఒకే తీరున ఉంచుతాయి. చవకవాటిలో ఆ హామీ లేదు.

ఈ సాధనం మన ప్రాంతానికి క్రొత్త కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యాన 1972లో ఏర్పడిన పోషకాహార పర్యవేక్షణ విభాగంవారు పల్లెపల్లెకూ తిరిగి దండచేతి వెనుక మడతను కొలిచినది ఎవరికి తిండి చాలడం లేదో తెలుసుకొనుటకు. నాడు మడత పలుచన అని చింత. నేడు అదే కాలిపర్‌తో మందాన్ని గురించి చింత. అయితే మన విషయంలో దీనికొక పెద్ద లోటు ఉన్నది. చర్మం క్రింది కొవ్వునే ఇది పట్టగలదు. కాలేయం చుట్టూ, ప్రేగుల చుట్టూ పేరుకొనే కొవ్వు దీనికి అందదు. మనలను బాధించేది ఆ లోపలి కొవ్వే. పైగా ఒకచేతివాటం కుదిరేవరకు నూరు మందినైనా కొలవవలసి ఉంటుంది. తన వీపును తాను కొలుచుకొనుట అసలే కుదరదు.

మూడవది ఇప్పుడు చాలా ఇండ్లలోకి వచ్చిన విద్యుత్ కాటా. వట్టికాళ్ళతో దానిపై నిలబడితే, మనకు తెలియనంత స్వల్పమైన విద్యుత్తు ఒక పాదంనుండి ఎక్కి రెండవ పాదంనుండి దిగుతుంది. కొవ్వు తప్ప తక్కిన దేహంలో సుమారు 73 పాళ్ళు నీరు; నీటిగుండా విద్యుత్తు సులువుగా పోతుంది, కొవ్వు అడ్డుతుంది. యంత్రం కొలిచేది ఆ అడ్డును మాత్రమే. మనం నొక్కిన వయస్సు, ఎత్తు, స్త్రీయా పురుషుడా అన్నవాటిని తనలోని సూత్రంలో కలిపి అది జవాబు చెబుతుంది. వయస్సు పదేండ్లు తగ్గించి చెప్పి చూడండి. తరచు కొవ్వు కూడ తగ్గుతుంది! నీళ్ళు త్రాగినా, చెమటపట్టినా, భోజనం చేసినా అంకె మారుతుంది. అంతకంటె ముఖ్యమైన సంగతి: విద్యుత్తు నడిచే దారి రెండు కాళ్ళు. పొట్ట ఆ దారిలో దాదాపు లేనేలేదు. కాళ్ళు సన్నగా ఉండి పొట్ట ముందుకు వచ్చిన మనిషికి ఈ కాటా ఇచ్చే అభయం నమ్మదగినది కాదని మా అభిప్రాయం. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవారు దీనిపై ఎక్కరాదు. గర్భిణులు కూడ మానుకొనవలెను.

ఈ మూడింటిలో ఏది తీసుకొన్నా, నిజమైన విలువకు మూడు నాలుగు పాళ్ళు అటు ఇటు కావచ్చును. కాటా విషయంలో అంతకంటె ఎక్కువ కూడ కావచ్చును. పురుషులకు 25, స్త్రీలకు 30 పాళ్ళు దాటితే అధికమని మన దేశపు పరిశోధకులు తరచు గీత గీస్తారు. 22 వచ్చినవాడు నిజంగా 19 కావచ్చును, 25 కావచ్చును. గీతకు ఏ ప్రక్కన ఉన్నాడో చెప్పుట ఎట్లు? మరొక మాట: సున్నా ఎవరికీ ఆదర్శం కాదు. బ్రతుకుటకే పురుషులకు సుమారు 3, స్త్రీలకు 12 పాళ్ళు కొవ్వు అవసరమని బెంకేయే లెక్కగట్టినాడు.

కొవ్వు ఎంత అన్న ప్రశ్నను కొంచెం సేపు ప్రక్కన పెట్టి, ఎక్కడ అని అడిగితే పని సులువవుతుంది. దానికి టేపు కూడ అక్కరలేదు. ఒక దారం చాలును. తల నుండి మడమ వరకు మీ ఎత్తుకు సరిపోయే దారాన్ని తెంపండి. సగానికి మడవండి. మడిచిన దారం నడుముచుట్టూ వచ్చి కొనలు కలిసినవా, మంచిదే. కలియలేదా, పొట్టలో కొవ్వు హద్దు దాటినదన్న మాట. చివరి ప్రక్కటెముకకు, తుంటి ఎముక పైకొసకు నడిమధ్య దారం పట్టవలెను. 168 సెంటీమీటర్ల మనిషికి ఇది 84 అవుతుంది. నడుము ఎత్తులో సగం లోపల ఉండవలెనన్న ఈ నియమాన్ని 2022లో బ్రిటిష్ ఆరోగ్య మార్గదర్శక సంస్థ తన ప్రజలకు సలహాగా ఇచ్చినది. భారతీయులకు పురుషులలో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు హద్దని 2009లో మన వైద్యనిపుణులు నిర్ణయించారు. 2025 జనవరిలో లాన్సెట్ పత్రిక ప్రకటించిన అంతర్జాతీయ నిపుణుల సంఘం కూడ బి.ఎం.ఐ. ఒక్కదానినే నమ్మరాదనీ, దానితోపాటు కొవ్వునో నడుమునో కొలిచి తీరవలెననీ చెప్పినది.

కాబట్టి సాధారణ గృహస్థుకు మేము చెప్పేది ఇది. దారం, లేదా టేపు, అందరికీ. ఇంట కాటా ఇప్పటికే ఉన్నవారు దాని అంకెను మరొకరి అంకెతో పోల్చక, తమ పాత అంకెతోనే పోల్చుకొనవలెను: నెలకు ఒకసారి, నిద్రలేచి కాలకృత్యాలు తీర్చుకొని, ఏమీ తినక త్రాగక. కాలిపర్ వ్యాయామశాలలో శిక్షణ పొందిన చేయి దొరికినవారికి, అదీ ప్రతిసారీ ఆ చేయే కొలిచేటట్లయితే. తేదీ, బరువు, నడుము, కొవ్వుపాలు ఒక నోటుపుస్తకంలో వరుసగా వ్రాసుకొంటే చాలును. ఒక నెలలో ఒక పాలు పెరిగినదని దిగులు వద్దు, తగ్గినదని సంబరం వద్దు. అది కొలతలోని తేడాయే కావచ్చును. మూడు నాలుగు నెలలు వరుసగా నడుము ఒకే దిక్కుకు పోతున్నదా అన్నది చూడవలెను. దారం కొనలు కలియనివారు, బరువు ఎంత తక్కువైనా సరే, ఒకసారి పరగడుపున రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకొనవలెను. ఆ పరీక్ష చాలా ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం.