కారు కింద దాగిన జబ్బు

పాత కారు కొనేటప్పుడు ఇంజిన్ చూస్తాం, టైర్లు చూస్తాం. కింద వేలాడే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. అది మొరాయిస్తే... కొత్తది వేయించడం కన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది!

ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఓ పెట్రోలు కారు బేరానికొచ్చింది. రంగు మెరుస్తోంది. ఏసీ చల్లగా ఉంది. ఊళ్లో నాలుగు వీధులు తిప్పితే చక్కగానే నడిచింది. డబ్బు చేతులు మారింది. నెల తిరక్కుండానే అసలు సంగతి బయటపడింది. హైవే ఎక్కితే యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి లాగదు. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ పచ్చగా వెలుగుతోంది. వెనక నుంచి కుళ్లిన కోడిగుడ్ల వాసన!

షెడ్డుకు తీసుకెళ్తే 'కన్వర్టర్ పోయిందండీ, కొత్తది వెయ్యాలి' అంటారు. ఖరీదు విని గుండె గుభేలుమంటుంది. ఇంకో షెడ్డులో 'అంత ఖర్చెందుకండీ, లోపల సరుకు పీకేద్దాం' అంటారు. ఆలోచించకుండా దేనికి తలూపినా నష్టపోయేది మనమే. ఎందుకంటే కన్వర్టర్ చాలావరకు దానంతటది పాడవదు. ఇంజిన్‌లోని మరో లోపం దాన్ని చంపుతుంది. ఆ లోపాన్ని వదిలేసి కొత్తది బిగిస్తే... అదీ పాతదాని దారే పడుతుంది.

తేనెపట్టులో ప్లాటినం

ఇంజిన్‌కీ సైలెన్సర్‌కీ మధ్య ఉండే ఉక్కు డబ్బా ఇది. లోపల తేనెపట్టులా వందల సన్నని రంధ్రాలున్న పింగాణీ దిమ్మె ఉంటుంది. దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాల పలుచని పూత. విషపూరితమైన కార్బన్ మోనాక్సైడ్, కాలని పెట్రోలు ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఆ రంధ్రాల్లోంచి వెళ్తూ కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, నైట్రోజన్‌గా మారిపోతాయి. సుమారు 300 డిగ్రీల వేడెక్కితేగానీ పని సరిగ్గా మొదలవదు. అందుకే రోజూ బజారు దాకా వెళ్లి ఆగిపోయే కారులో దానికి పని చేసే అవకాశమే తక్కువ.

మన దేశంలో 1995 ఏప్రిల్ 1 నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు దీన్ని తప్పనిసరి చేశారు. పెట్రోల్లో సీసం ఉంటే ఈ పూత పనికిరాకుండా పోతుంది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు.

ఖరీదుకు కారణం ఆ లోహాలే. 2021లో రోడియం ధర బంగారం ధరకు పది రెట్లకు పైగా పలికింది. కాబట్టి పాత కన్వర్టర్‌ను మార్పించినా షెడ్డులో ఊరికే వదిలేయకండి. దానికీ విలువుంది. బిల్లులో తగ్గించమని అడగండి.

చంపేది ఎవరు?

మొదటి ముద్దాయి మిస్‌ఫైర్. స్పార్క్ ప్లగ్గో ఇగ్నిషన్ కాయిలో బలహీనపడితే పెట్రోలు సిలిండర్‌లో కాలకుండా కన్వర్టర్‌లోకి వచ్చి అక్కడ మండుతుంది. ఆ వేడికి పింగాణీ కరిగి ముద్దవుతుంది. రంధ్రాలు మూసుకుపోతాయి. పొగ బయటకు పోయే దారి లేక బండి పికప్ పడిపోతుంది. కొన్ని వందల రూపాయల ప్లగ్గులు మార్చని పాపానికి పడే శిక్ష ఇది!

రెండోది ఇంజిన్ ఆయిల్. నీలిరంగు పొగ వస్తోందంటే ఆయిల్ కాలుతున్నట్టే. అందులోని భాస్వరం పూత మీద పేరుకుంటుంది. మూడోది హెడ్ గ్యాస్కెట్. అది లీకైతే కూలెంట్ పొగతోపాటు వచ్చి అదే పని చేస్తుంది. వీటికి తోడు కిరోసిన్ కలిసిన పెట్రోలు, సరిగ్గా ట్యూన్ చేయని గ్యాస్ కిట్. బ్యాటరీ దిగిపోతే నలుగురూ కలిసి తోసి స్టార్ట్ చేయడం మనకు మామూలే. కానీ ఇంజిన్ అందుకునే లోపు కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి చేరుతుంది. జంపర్ కేబుల్ వాడటమే మేలు.

కొల్లేటి నీళ్లు... వరిగడ్డి

మన ప్రాంతానికి ఇంకో బెడద ఉంది. బుడమేరు, తమ్మిలేరు లాంటి వాగులన్నీ కొల్లేట్లో కలుస్తాయి. అక్కడి నుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలు మునిగాయి. ఆ నీరు కొల్లేరు చేరి లంక గ్రామాల రోడ్లనూ ముంచింది. అలాంటి వరదల్లో మునిగిన కార్లు కడిగి, తుడిచి, మెరుగుపెట్టి అమ్మకానికి వస్తుంటాయి. వాటిలో ఆక్సిజన్ సెన్సర్ల వైర్లు, కనెక్టర్లు తుప్పుపట్టి ఉండొచ్చు. కార్పెట్ ఎత్తి చూడండి. సీటు పట్టాలకు తుప్పు, స్టెప్నీ గుంతలో ఒండ్రు కనిపిస్తే ఆ బేరం వదులుకోవడమే మంచిది.

దూరం నడిచి బాగా కాగిన కారును రోడ్డు మీద నిలిచిన నీళ్లలోకి దించినా ప్రమాదమే. కాగిన కుండ మీద చన్నీళ్లు పోసినట్టు లోపలి పింగాణీ పగలొచ్చు. కోతల కాలంలో రోడ్డు పక్కన ఎండు గడ్డి మీద కారు ఆపకండి. కింద కాగి ఉన్న కన్వర్టర్ తగిలితే గడ్డి అంటుకుంటుంది.

కోడ్ ఒక్కటే సాక్ష్యం కాదు

స్కానర్ పెడితే 'పి0420' అని వస్తుంది. కన్వర్టర్ సామర్థ్యం తగ్గిందని దానర్థం. అంతమాత్రాన కన్వర్టర్‌దే తప్పని తీర్పు చెప్పకూడదు. సైలెన్సర్ గొట్టంలో లీకున్నా, వెనక ఆక్సిజన్ సెన్సర్ పాడైనా ఇదే కోడ్ రావచ్చు. 'పి0300' వరుస కోడ్‌లు కూడా ఉంటే ముందు మిస్‌ఫైర్ సంగతి తేల్చాలి.

వెనక సెన్సర్ రీడింగ్ నిలకడగా ఉంటే కన్వర్టర్ పనిచేస్తున్నట్టు. ముందు సెన్సర్‌తో పాటు అదీ ఎగిరిపడుతుంటే పని అయిపోయినట్టు. బీఎస్-4 దేశమంతటా వచ్చింది 2017 ఏప్రిల్లో. అంతకు ముందరి కార్లు కొన్నింటికి వెనక సెన్సరే ఉండదు. ఇక జామ్ అయిందో లేదో తేల్చాలంటే ముందు సెన్సర్ విప్పి, ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ పెట్టి చూడమనండి. ఇంజిన్ చల్లారాక డబ్బాను మెత్తని సుత్తితో తట్టితే గలగలమంటే లోపల పింగాణీ విరిగిందన్నమాట.

పీకేస్తే ఏమవుతుంది?

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు అవుతుంది! పికప్ వస్తుంది, నిజమే. విషవాయువులూ శుద్ధి కాకుండా యథాతథంగా బయటికొస్తాయి. బడి గేటు ముందు ఇంజిన్ ఆపకుండా నిలబెడితే వాటిని పీల్చేది మన పిల్లలే. బీఎస్-4 పెట్రోలు కారు నిలకడగా ఉన్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. కన్వర్టర్ లేకుండా ఆ గీత లోపల ఉండటం కష్టం. 2019 సవరణ తర్వాత కాలుష్య నిబంధనలు మీరితే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. పదిహేనేళ్లు నిండిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలన్నా పొల్యూషన్ పరీక్ష గట్టెక్కాలి.

బేరం కుదిరేముందు...

* తాళం తిప్పగానే ఇంజిన్ లైటు వెలగాలి, స్టార్టయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో తీసేశారని అనుమానించండి.

* స్కానర్లో 'రెడీనెస్' పేజీ చూడమనండి. పరీక్షలు పూర్తి కాలేదని చూపిస్తే కోడ్‌లు ఈమధ్యే చెరిపేసి ఉండొచ్చు. బ్యాటరీ విప్పినా అలాగే చూపిస్తుంది. కొన్ని పదుల కిలోమీటర్లు నడిపి మళ్లీ చూడండి.

* పాత పొల్యూషన్ సర్టిఫికెట్ చూసి సరిపెట్టుకోకండి. మీ ఎదుటే కొత్తగా పరీక్ష చేయించి అంకెలు చదవండి.

* ఏలూరు నుంచి గూడెం దాకా హైవే మీద నడపండి. ఊళ్లో దాగిన జబ్బు అక్కడ దాగదు.

ఇప్పటికే కొనేశారా? అయితే వరస తప్పకండి. ముందు ప్లగ్గులు, కాయిళ్లు. తర్వాత ఆయిల్, కూలెంట్ తగ్గుతున్నాయేమో చూడాలి. ఆపైన లీకులు, సెన్సర్లు. ఇవన్నీ సరిచేశాక కూడా కోడ్ తిరిగొస్తేనే కన్వర్టర్ మార్చండి. సీసాల్లో అమ్మే క్లీనర్లు కరిగిన పింగాణీని బాగుచేయలేవు. మిస్‌ఫైర్ అవుతూ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటుంటే మాత్రం 'రేపు చూద్దాంలే' అనుకోకండి. బండి పక్కకు తీసి ఆపేయండి. ప్లగ్గుల ఖర్చుతో పోయేది కన్వర్టర్ ఖర్చు దాకా రాకుండా ఉంటుంది.